ప్రోటాన్‌ను తూస్తారు సరే, మూలల పరీక్ష మాటేమిటి?

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఎవరైనా కొత్త కాటా గురించి గొప్పగా చెబుతుంటే నా చూపు ముందు దాని పక్కనున్న రేకు మీదికి పోతుంది. ఆ రేకు మీద మాక్స్, మిన్, ఇ అని మూడు అంకెలుంటాయి. మాక్స్ అంటే అది మోయగల బరువు. మిన్ అంటే ఇంతకు తక్కువైతే దాని మీద పెట్టకూడదనే హద్దు. ఇ అంటే ముద్ర వేసేటప్పుడు మేం లెక్కలోకి తీసుకునే మెట్టు. 50 టన్నుల వేబ్రిడ్జికి ఇ 10 కిలోలైతే మిన్ 200 కిలోలు. మిర్చి టిక్కీ, అంటే బస్తా, ఒక్కటి తెచ్చి దాని మీద పెట్టి తూకం చీటీ ఇమ్మంటే కుదరదు.

అందుకే "ప్రోటాన్ బరువు పట్టే కాటా వచ్చేసింది" అన్న తరహా వార్త చదివినప్పుడల్లా సంతోషంతో పాటు అనుమానమూ పుడుతుంది. వార్త అబద్ధమేమీ కాదు. 2012లో బార్సిలోనాలో అడ్రియన్ బాష్‌టోల్డ్ బృందం సుమారు 150 నానోమీటర్ల పొడవున్న కార్బన్ నానోట్యూబును సెకనుకు 200 కోట్లసార్లకు దగ్గరగా కంపింపజేసి, 1.7 యోక్టోగ్రాముల తేడాను పసిగట్టగలమని చూపించింది. ప్రోటాన్ బరువు అంతే. యోక్టోగ్రామంటే ఎంతో చెప్పాలంటే, ఒక గ్రామును కోటి భాగాలు చేయండి. అందులో ఒకదాన్ని మళ్లీ కోటి, అందులో ఒకదాన్ని ఇంకోసారి కోటి చేయండి. చివరికి మిగిలిన తునకను వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒకటి.

అయితే వాళ్లెవరూ ఒక ప్రోటాన్‌ను తెచ్చి దాని మీద కూర్చోబెట్టి తూచలేదు. ట్యూబు మీద వాళ్లు గమనించింది జెనాన్ పరమాణువులనూ, మన బట్టల బీరువాల్లోని కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ అణువులనూ. 1.7 అన్నది ఆ పరికరం ఎంత చిన్న తేడాకు స్పందిస్తుందో చెప్పే అంకె. కాటా స్పందించడం వేరు, తూకం సరిగా చెప్పడం వేరు. ఈగ వాలితే వణికే కాటాలు నా సర్వీసులో ఎన్నో చూశాను. వాటిలో ముద్రకు నిలిచినవి కొన్నే.

నా వాదన ఇంతే. ఒక్కో అణువును తూచే ఈ విద్యలో పండగ చేసుకోవాల్సింది అతిచిన్న బరువు రికార్డును చూసి కాదు. కాటాకు పెట్టే మామూలు పరీక్షలు, అంటే మూలల పరీక్ష, సున్నా పరీక్ష, పడికట్టు రాళ్లతో సరిచూడటం, వాటికి ఈ బుల్లి యంత్రాలు ఒక్కొక్కటిగా ఎలా జవాబు చెప్పుకొచ్చాయన్నదే అసలు కథ. మన దేశం డబ్బు పెట్టాల్సింది కూడా అక్కడే.

ముందు ఇవి ఎలా తూస్తాయో చెప్పుకోవాలి. తక్కెడైనా స్ప్రింగు కాటాయైనా లోడ్‌సెల్ పెట్టిన ఎలక్ట్రానిక్ కాటాయైనా, భూమి లాగే లాగుడు మీద ఆధారపడ్డవే. అందులో ఒక తిరకాసు ఉంది. గురుత్వాకర్షణ అన్ని ఊళ్లలో ఒకేలా ఉండదు. ఢిల్లీలో సరిచేసిన లోడ్‌సెల్ కాటాను అలాగే గుంటూరు తెచ్చి 100 గ్రాముల బంగారం తూస్తే దాదాపు 70 మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తుంది. అందుకే ఎక్కడ వాడతారో అక్కడే సరిచేయాలని మేం పట్టుబడతాం. అణువులను తూచే పరికరానికి ఈ బెడద లేదు. అది భూమి లాగుడును అసలు పట్టించుకోదు. ఊగుతున్న వస్తువుకు బరువు తగిలితే ఊగుడు నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదించిందో చూసి ఎంత తగిలిందో లెక్క కడతారు.

మృదంగం కచేరీ దగ్గర నుంచి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. విద్వాంసుడు వేదిక మీద కూర్చుని ఎడమ వైపు చర్మం మధ్యలో తడి రవ్వ ముద్ద అంటిస్తాడు. ముద్ద పెరిగేకొద్దీ శ్రుతి దిగుతుంది. ఎక్కువైందనుకుంటే గోటితో కాస్త గీరి తీసేస్తాడు. ముద్ద ఎంతన్నదే కాదు, ఎక్కడ పెట్టాడన్నది కూడా నాదాన్ని మారుస్తుంది. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, మన కథంతా దాని మీదే ఉంది.

ఇదే సూత్రాన్ని 1959లో జర్మనీలో గుంటర్ సావర్‌బ్రే క్వార్ట్‌జ్ పలకకు కట్టాడు. సెకనుకు 50 లక్షలసార్లు కంపించే పలక మీద చదరపు సెంటీమీటరుకు 18 నానోగ్రాముల పూత పడితే కంపనాల్లో ఒక్కటి తగ్గుతుంది. లోహపు పూతల మందం చూసుకోవడానికి ఇప్పటికీ ఇదే వాడతారు. 1973లో స్కైలాబ్‌లో వ్యోమగాముల బరువు చూసింది కూడా ఇలాగే. స్ప్రింగు కుర్చీలో కూర్చోబెట్టి ఊపి, ఊగుడు ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టారు. అంతరిక్షంలో తక్కెడ పనిచేయదు కదా.

ఆ పలక స్థానంలో మైక్రాన్ల పొడవుండే దూలం పెడితే? ఊగే వస్తువు ఎంత తేలికైతే చిన్న బరువు దానికి అంత పెద్దగా తోస్తుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ క్రెయిగ్‌హెడ్ బృందం 2001లో ఒకే ఒక్క ఈ.కోలై బాక్టీరియాను ఇలా పట్టుకుంది. కాల్‌టెక్‌లో మైకేల్ రూక్స్ బృందం 2006 నాటికి జెప్టోగ్రాముల్లోకి దిగింది. జెప్టోగ్రాము వెయ్యి యోక్టోగ్రాములు. వాళ్ల దగ్గరే 2009లో అక్షయ్ నాయక్, సెలిమ్ హనాయ్ తదితరులు ఒక్కో ప్రోటీన్ అణువు వచ్చి దూలం మీద వాలుతుంటే అప్పటికప్పుడు గమనించారు. ఆ దూలం సిలికాన్ కార్బైడుది, పొడవు రెండు మైక్రాన్లు కూడా లేదు, సెకనుకు 40 కోట్లసార్లకు పైగా కంపిస్తుంది. ఎద్దు రక్తంలోని అల్బుమిన్ అణువు ఒకటి మంచిచోట వాలితే ఆ 40 కోట్లలో అటూఇటూగా వెయ్యి కంపనాలు తగ్గుతాయి. కాగితం మీద గీత గీస్తే అది మెట్లు దిగినట్టు కనిపిస్తుంది. ఒక అణువు వాలింది, ఒక మెట్టు దిగింది. ఇంకోటి వాలింది, ఇంకో మెట్టు.

మంచిచోట వాలితే అన్నాను. తిరకాసు అక్కడే.

ప్లాట్‌ఫాం కాటాకు ముద్ర వేసే ముందు మేం చేసే పరీక్షల్లో నాకు బాగా ఇష్టమైనది మూలల పరీక్ష. కాటా సామర్థ్యంలో మూడో వంతు పడికట్టు రాళ్లు తీసుకుని, వాటిని పళ్లెం మధ్యలో కాదు, నాలుగు మూలల్లో ఒక్కో మూలన పెట్టి చూస్తాం. నాలుగు చోట్లా ఒకే అంకె రావాలి. మధ్యలో పెడితే నిక్కచ్చిగా చెప్పే కాటా, మిర్చి యార్డు గోడ వైపు మూలన పెట్టేసరికి 200 గ్రాములు మింగేస్తుంది. హమాలీ టిక్కీని తెచ్చి కుదేసేది మధ్యలో కాదు, తనకు చేతికి అందే అంచున. రైతుకు నష్టం అక్కడ జరుగుతుంది. అంకె నాలుగు మూలల్లో కదలకుండా నిలిచేదాకా నేను సీసం బిళ్ల మీద సుత్తి వేయనిచ్చేవాణ్ణి కాదు.

రెండు చివరలా బిగించిన నానో దూలం ఈ పరీక్షలో ఘోరంగా తప్పుతుంది. అణువు దూలం నట్టనడుమ వాలితే కంపనం గట్టిగా తగ్గుతుంది. అదే అణువు చివర బిగింపు పక్కన వాలితే దాదాపు ఏమీ తగ్గదు, ఎందుకంటే అక్కడ దూలం ఊగదు. అంటే మధ్యలో వాలిన తేలిక అణువూ, అంచున వాలిన బరువైన అణువూ ఒకే తూకం చూపిస్తాయి. పైగా అణువును ఫలానా చోట కూర్చో అని చెప్పలేం. 2009లో వాళ్లు చేసింది గడుసు పనే గానీ పూర్తి పరిష్కారం కాదు. వందలాది అణువులను వాలనిచ్చి, ఎక్కడెక్కడ వాలి ఉంటాయో సగటు లెక్కలు వేసి, గుంపు మొత్తం మీద బరువు తేల్చారు. మూలన పెట్టినా మధ్యలో పెట్టినా సగటున సరిపోతుందిలెండి అని వ్యాపారి నాతో అంటే నేను ఒప్పుకుంటానా?

అసలు జవాబు 2012లో వచ్చింది. కాల్‌టెక్, ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు కలిసి దూలాన్ని ఒకేసారి రెండు రకాలుగా ఊపారు. మొదటి ఊపులో దూలం మధ్యభాగం అన్నిటికంటే ఎక్కువగా ఊగుతుంది. రెండో ఊపులో మధ్యభాగం కదలకుండా నిలబడి, రెండు పక్కలూ ఎదురెదురుగా ఊగుతాయి. ఇప్పుడు అణువు నట్టనడుమ వాలితే మొదటి కంపనం తగ్గుతుంది, రెండోది తగ్గదు. పక్కకు వాలితే రెండూ తగ్గుతాయి, వేర్వేరు పాళ్లలో. ఆ రెండు తగ్గుదలల నుంచి ఎక్కడ వాలింది, ఎంత బరువు అన్న రెండు ప్రశ్నలకూ ఒకేసారి సమాధానం వస్తుంది. ఎడమ సగంలో వాలిందో కుడి సగంలో వాలిందో మాత్రం తెలియదు, దానితో బరువుకు పనిలేదు. ఈ పద్ధతిలో మన రక్తంలో ఉండే ఐజీఎం అనే యాంటీబాడీ అణువులను, ఒక్కోటి దాదాపు పది లక్షల డాల్టన్లుండే వాటిని, విడివిడిగా తూచారు. డాల్టన్ అంటే రమారమి ఒక ప్రోటాన్ బరువు.

మా మేనకోడలు బెంగళూరులో రీసెర్చి చేస్తోంది. ఇదంతా నాకు కాగితం మీద రెండు అలలు గీసి విడమరిచి చెప్పింది. "మావయ్యా, మీరు కాటాను నాలుగు మూలల్లో పరీక్షించి తప్పుంటే తిప్పి పంపుతారు. వీళ్లు తప్పును అలాగే ఉంచి, ఎంత తప్పో కాటా చేతే చెప్పించారు" అంది. ఇంత చక్కగా మా శాఖ ట్రైనింగు జరిగే రాంచీలో కూడా ఎవరూ చెప్పలేదు.

రెండో పరీక్ష పడికట్టు రాళ్లది. కిరాణా కొట్లోని ఇనుప రాయి అడుగున ఒక గుంట ఉంటుంది, అందులో సీసం పోసి బరువు సరిచేసి దాని మీద ముద్ర వేస్తారు. ఆ సీసం తవ్వి తీసేసే మహానుభావులు ఉంటారు, అది వేరే కథ. రాళ్లు అరుగుతాయి, తుప్పు పడతాయి, అందుకే మళ్లీ మళ్లీ సరిచూడాలి. నానో కాటాకు పడికట్టు రాయి ఏది? మొదట్లో బంగారం నానో రేణువులు వాడారు. రేణువు వ్యాసం పది శాతం తేడాగా ఉంటే బరువు 33 శాతం తేడా వస్తుంది, కాబట్టి అదంత నమ్మకమైన రాయి కాదు. ప్రోటీన్ అలా కాదు. అల్బుమిన్ అణువు 66 వేల డాల్టన్ల పైచిలుకు. ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పేయవచ్చు. కార్బన్‌లో నూటికి ఒకటి చొప్పున ఒక డాల్టన్ ఎక్కువ బరువుండే రకం కలుస్తుంది, ఆ కొద్దిపాటి తేడా తప్ప ఇక్కడి అల్బుమిన్‌కూ అమెరికా అల్బుమిన్‌కూ తేడా లేదు. అరగని, తుప్పు పట్టని, ఎవరూ తవ్వలేని రాయి. ఇంతకంటే మంచి పడికట్టు ఏ ఇన్‌స్పెక్టరూ కోరుకోడు.

మూడో పరీక్షలో మాత్రం ఈ కాటాలు ఇంకా తడబడుతున్నాయి. పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు సున్నా నిలవాలి. ఈ దూలాల సున్నా నిలవదు. చుట్టూ మిగిలిన గ్యాసు అణువులు వచ్చి అంటుకుంటాయి, పోతాయి. అందుకే శూన్యంలో ఉంచి, బాగా చల్లబరిచి వాడతారు. బాష్‌టోల్డ్ బృందమైతే నానోట్యూబులోంచి కరెంటు పంపి వేడిచేసి, దాని మీది చెత్తను వదిలించాక గానీ ఆ రికార్డు రాలేదు. 2016లో ఈ రంగంలోని వాళ్లే తమ పరికరాలనూ, అంతకుముందు ప్రచురించిన లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. కంపనాల నిలకడ సిద్ధాంతం ప్రకారం ఉండాల్సిన దానికంటే సగటున వంద రెట్లు అధ్వానంగా ఉందని తేలింది. తెలిసిన కారణాలేవీ దానికి చాలలేదు. తమ కాటా తప్పును తామే లెక్కగట్టి అచ్చు వేసుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇక మాక్స్ సంగతి. పత్రికలు ఎంతసేపూ మిన్ వైపే చూస్తాయి. అణువులను తూచే పాత యంత్రం, మాస్ స్పెక్ట్రోమీటర్, చిన్న అణువుల విషయంలో ఎంత నిక్కచ్చిగా చెబుతుందంటే దాన్ని ఈ దూలాలు ఇప్పట్లో అందుకోలేవు. కానీ అది అణువుకు విద్యుదావేశం ఎక్కించి, బరువును ఆవేశంతో భాగించి చూస్తుంది. వైరస్ లాంటి భారీ సరుకు వచ్చేసరికి ఒక్కోదానికి ఒక్కోలా ఆవేశం ఎక్కి లెక్కంతా అలుక్కుపోతుంది. నానో దూలానికి ఆవేశంతో పనే లేదు. 2018లో గ్రెనోబుల్‌లో సెబాస్టియన్ హెంట్జ్ బృందం బాక్టీరియాలను తినే టీ5 అనే వైరస్ పెంకులను, ఏ ఆవేశమూ ఎక్కించకుండా, 20 దూలాల వరుస మీద తూచింది. లోపల డీఎన్‌ఏ నిండిన పెంకు 10.5 కోట్ల డాల్టన్లు. ఖాళీ పెంకు 2.6 కోట్లు.

నిండుదీ ఖాళీదీ వేరుచేసి తూచడం ఎందుకంత ముఖ్యమో మన తెలుగు ఇళ్లకు చెప్పనక్కర్లేదు. వెన్నెముక కండరాల జబ్బుతో పుట్టిన పసిబిడ్డకు 16 కోట్ల ఇంజెక్షన్ కోసం చందాలు పోగుచేసిన వార్తలు మనం చదివాం, చాలామంది తలా కొంత పంపాం. ఆ మందు జోల్జెన్‌స్మా. అందులో ఉండేవి వైరస్ పెంకులే, లోపల బిడ్డకు కావలసిన జన్యువు ఉంటుంది. ఈ రకం మందుల తయారీలో జన్యువు ఎక్కని ఖాళీ పెంకులు కూడా పుడతాయి. అవి మందుగా పనికిరావు, పైపెచ్చు శరీరంలో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టవచ్చు. అందుకే ప్రతి బ్యాచ్‌లో ఖాళీవి ఎన్నో లెక్క తేల్చాలి. సబ్బు ప్యాకెట్‌లో ఐదు గ్రాములు తగ్గితే కేసు రాసిన చేత్తో చెబుతున్నాను, దీనికంటే పెద్ద నికర తూకం సమస్య నాకు తెలియదు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఈ పని చేయడానికి నానో దూలమొక్కటే దిక్కు కాదు. కణాలను అతివేగంగా తిప్పి వేరుచేసే పాత పద్ధతి ఉంది. ఒక్కో అయాను ఆవేశాన్ని విడిగా కొలిచే కొత్త రకం స్పెక్ట్రోమీటర్లు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలిప్ కుకురా బృందం 2018లో అణువు చెదరగొట్టే వెలుగును బట్టి బరువు కట్టే పద్ధతి చూపించింది, అది ఇప్పుడు బల్ల మీద పెట్టుకునే యంత్రంగా అమ్ముడవుతోంది. దూలం మీద పది అణువులు వాలాలంటే ఎన్నో పక్కలకు పోతాయి, సరుకు వృథా. రేపు మార్కెట్లో ఈ దూలాలే గెలుస్తాయని నేను పందెం కాయను.

అయినా వీటి మీద మన పిల్లలు పనిచేయాలంటాను. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన టీకాలు ప్రపంచమంతా పోతాయి. ఆ టీకాల్లోని అణువులను తూచే యంత్రాలు మాత్రం దాదాపుగా జపాన్, జర్మనీ, అమెరికాల నుంచి వస్తాయి. అణు పరిశోధన కేంద్రం బార్క్ తన అవసరాలకు మాస్ స్పెక్ట్రోమీటర్లు సొంతంగా కట్టుకుంది, అంటే మనకు చేతకాక కాదు. సరుకు మనది, కాటా పరాయిది అయితే బేరంలో ఎవరి మాట చెల్లుతుందో యార్డుకు మిర్చి తెచ్చిన ఏ రైతునడిగినా చెబుతాడు. 2002లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో కోయిచి తనాకా క్యోటోలో కొలత పరికరాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. పీహెచ్‌డీ లేదు, మామూలు ఇంజనీరింగ్ డిగ్రీ. తూచడానికి వీలుగా పెద్ద అణువులు ముక్కలు కాకుండా వాటిని లేజరుతో పైకి లేపే ఉపాయం కనిపెట్టాడు. మన దగ్గర పరికరం కట్టేవాణ్ణి టెక్నీషియన్ అంటాం, పేపరు రాసేవాణ్ణి శాస్త్రవేత్త అంటాం. ఈ దురలవాటు పోవాలి.

పత్రికల వారికి నా మనవి, ఇకమీదట ఇలాంటి కాటా వార్త వచ్చినప్పుడు రికార్డు అంకెతో పాటు మాక్స్ ఎంత, మిన్ ఎంత, మూలల పరీక్షకు నిలిచిందా అని కూడా అడగండి. ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టర్లకు ఇంకో మాట. 2009 నాటి ఆ ప్రయోగం చేసిన అక్షయ్ నాయక్ ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీ నానోసైన్స్ కేంద్రంలోనే ప్రొఫెసరు. అక్కడి నానో ఫ్యాబ్‌లో బయటి కాలేజీల వాళ్లు కూడా శిక్షణ పొంది పని చేసుకునేందుకు ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ అని కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ పథకం నడుపుతోంది, ఐఐటీ బొంబాయిలోనూ ఉంది. మీ దగ్గర చురుకైన కుర్రాడో అమ్మాయో ఉంటే ఈ ఏడాది దరఖాస్తు పెట్టించండి.